జట్టు జట్టు తిరిగిన సుబ్బన్న నాయుడు

ఒక మనిషి ఒకే ఆటలో 917 బంతులు వేశాడంటే మీరు నమ్ముతారా? నమ్మి తీరాలి. 1945 మార్చి నెలలో బొంబాయి బ్రేబర్న్ స్టేడియంలో జరిగిన రంజీ ట్రోఫీ ఫైనలు ఆటలో, హోల్కార్ జట్టు తరఫున, ఒక తెలుగువాడు ఆ పని చేశాడు. మొదటి ఇన్నింగ్సులో 64 ఓవర్ల 5 బంతులు. రెండో ఇన్నింగ్సులో 88 ఓవర్లు. పలకా బలపం తీసుకుని లెక్కకట్టి చూడండి, సరిగ్గా 917 వస్తుంది.

ఇవాళ మన పిల్లలు రాత్రిళ్ళు అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చూసే ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలరుకు దక్కేవి 24 బంతులు. అట్లాంటి బౌలరు 38 ఆటలాడి ప్రతి ఆటలోనూ తన వాటా పూర్తిగా వేసినా, ఆ తెలుగువాడి లెక్కకు ఇంకా 5 బంతులు తక్కువే అవుతాయి!

ఫస్ట్ క్లాస్ క్రికెట్టులో ఒక ఆటలో ఒక బౌలరు వేసిన బంతుల్లో ఇదే నేటికీ ప్రపంచ రికార్డు. ఆ ఆటలోనే ఆయన పేర మరొక రికార్డు కూడా పడింది. ఒకే ఆటలో 428 పరుగులు ఇచ్చుకున్న బౌలరు ఆయన ఒక్కడే. పనికి ఒక రికార్డు, తిన్న దెబ్బలకు ఒక రికార్డు! వికెట్లు మాత్రం పదకొండు.

ఆయన పేరు కొట్టారి సుబ్బన్న నాయుడు. క్రికెట్టు పుస్తకాల్లో సి.ఎస్. నాయుడు.

అన్నగారి నీడ

‘నాయుడు’ అనగానే మీలో చాలామందికి మరో పేరు గుర్తుకు వచ్చి ఉంటుంది. సి.కె. నాయుడు, అంటే కొట్టారి కనకయ్య నాయుడు గారు. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెను. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు బాదిన వీరుడు. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో మన దేశం తొలి టెస్టు ఆడినప్పుడు ముందు నడిచినవాడు. ఆ కనకయ్య నాయుడు గారి తమ్ముడే మన సుబ్బన్న నాయుడు.

వీరిది తెలుగు కుటుంబమే అయినా, ఏనాడో నాగపూరుకు వలసపోయి అక్కడ స్థిరపడింది. అన్నగారు 1895 అక్టోబరు 31న, తమ్ముడు 1914 ఏప్రిల్ 18న, ఇద్దరూ ఆ ఊళ్ళోనే పుట్టారు. ఇద్దరికీ పద్ధెనిమిదేళ్ళకు పైగా ఎడం. తమ్ముడికి పన్నెండేళ్ళు వచ్చేసరికే అన్నగారి పేరు దేశమంతా మారుమోగుతున్నది. అట్లాంటి ఇంట్లో రెండోవాడుగా పుట్టడమంటే ఏమిటో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. పెద్దవాడు ఫస్టు క్లాసులో పాసైతే, చిన్నవాడు ఎన్ని మార్కులు తెచ్చినా ‘మీ అన్నకు ఇంకా ఎక్కువ వచ్చాయిరా’ అంటారు.

సుబ్బన్న నాయుడు గారు లెగ్ స్పిన్ బౌలరు. క్రికెట్టు ఎరగని పాఠకురాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. బంతిని మణికట్టుతో తిప్పి వదిలితే అది నేలను తాకి, కుడిచేతి ఆటగాడి కాళ్ళ వైపు నుంచి అవతలికి మెలితిరుగుతుంది. అది లెగ్ బ్రేకు. అదే చెయ్యి, అదే ఊపు అన్నట్టు కనిపిస్తూ బంతిని ఎదురు దిక్కుకు తిప్పితే అది గూగ్లీ. మన హరికథకుడు కరుణరసంలో కథ చెబుతూ చెబుతూ హఠాత్తుగా పిట్టకథలోకి దూకి నవ్వించినట్టు, బ్యాటు పట్టుకున్నవాడు ఒకటి అనుకుంటే మరొకటి జరుగుతుంది. అయితే ఈ విద్యలో ఒక చిక్కున్నది. చెయ్యి వెంట్రుకవాసి తప్పినా ఆ బంతి నేరుగా కంచె అవతలికి పోతుంది. అందుకని లెగ్ స్పిన్నరుకు వికెట్లూ ఎక్కువే, పరుగుల ఖర్చూ ఎక్కువే. మిగతా బౌలర్లు జీతగాళ్ళయితే అతను వ్యాపారి. పెట్టుబడి పెట్టాలి, లాభం కోసం కాచుకోవాలి.

‘జర్నీమన్’ అంటే ఎవరు?

ఇంగ్లీషులో ‘జర్నీమన్’ అనే మాట ఒకటున్నది. చూడగానే ప్రయాణాలు చేసేవాడు అనిపిస్తుంది. భాషాశాస్త్రం చదువుకున్న పాపానికి నేను కొంచెం తవ్వి చూశాను. ఫ్రెంచిలో ‘జూర్’ అంటే రోజు. ‘జూర్నే’ అంటే ఒక రోజంతా పట్టే పని. జర్నీమన్ అంటే అసలు అర్థం రోజు కూలికి పనిచేసే పనివాడని! వెనక యూరపులో వడ్రంగానికో కమ్మరానికో కుర్రవాణ్ణి పెడితే ముందు శిష్యరికం, అది పూర్తయితే జర్నీమన్, ఆ తరువాత సొంత కొలిమి పెట్టుకునే ఉస్తాదు. పని పూర్తిగా వచ్చినవాడే, అయినా తనకంటూ దుకాణం లేనివాడు, ఎక్కడ పని ఉంటే అక్కడికి పోయేవాడు జర్నీమన్.

ఆటల ప్రపంచం ఈ మాటను అరువు తెచ్చుకున్నది. కెనడా దేశంలో మంచుగడ్డ మీద ఇనుప బద్దీల బూట్లతో జారుతూ ఆడే హాకీ ఉన్నది. మనకు నడివేసవి ఎట్లాగో వాళ్ళకు ఆ ఆట అట్లాగు, అది లేని బతుకు వాళ్ళు ఊహించలేరు. అందులో మైక్ సిలింజర్ అనే ఆయన 1990 నుంచి 2009 దాకా ఆడి, ఒకటి కాదు రెండు కాదు, 12 జట్ల చొక్కాలు తొడిగాడు. తొమ్మిది సార్లు ఒక జట్టువారు అతన్ని ఇంకో జట్టుకు మార్పిడి చేశారు. ఆ లీగులో అంతకన్నా ఎక్కువ జట్లకు ఆడినవాడు లేడు. అట్లాగని పనికిమాలినవాడేమీ కాదు, 1,049 ఆటలు ఆడాడు, 240 గోళ్ళు కొట్టాడు. పనికిమాలినవాణ్ణి పన్నెండు మంది ఎందుకు పిలుస్తారు? పని వచ్చినవాడు గనుకనే పిలిచారు. ఇంతకన్నా మెరిసేవాడు దొరగ్గానే పంపేశారు.

మా చిత్తూరు సీమ వాళ్ళకు ఈ బతుకు కొత్త కాదు. ఇక్కడ పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్ధెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒక ఊళ్ళో అర్జునుడు తపస్సుమాను ఎక్కి బిల్వపత్రాలు విసురుతుంటే, పిల్లలు లేని తల్లులు కింద కొంగు పట్టి నిలబడతారు. ఆ అర్జునుడు పైనెల ఇంకో ఊళ్ళో మళ్ళీ మాను ఎక్కుతాడు. ఏ ఊళ్ళో వేషం కడితే ఆ ఊరివాడే. దుర్యోధన వధ అయిపోయి, నిప్పుల గుండం ఆరిపోతే, పెట్టె సర్దుకుని బస్సు ఎక్కుతాడు. ఊరివాళ్ళకు అర్జునుడు గుర్తుంటాడు, వేషం కట్టినవాడి పేరు గుర్తుండదు.

సుబ్బన్న నాయుడు గారిది సరిగ్గా ఆ బతుకు. సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కార్, బెంగాలు, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్. ఇన్ని జట్లకు ఆయన రంజీ ఆడారు. మ్యాపు పరచుకుని ఈ పేర్లన్నిటికీ గీత కలిపితే సగం భారతదేశం వస్తుంది.

మహారాజుల కొలువు

ఎందుకిట్లా తిరగాల్సి వచ్చింది? ఆ రోజుల్లో క్రికెట్టు ఆడితే జీతం ఇచ్చేవాళ్ళు లేరు. నేటి వేలంపాటలు, కాంట్రాక్టులు అప్పుడెక్కడివి? దేశంలో క్రికెటర్లకు అన్నం పెట్టినవాళ్ళు ముఖ్యంగా సంస్థానాధీశులు. పటియాలా, బరోడా, నవానగర్, హోల్కార్ వంటి సంస్థానాల్లో ఆట వచ్చినవాడికి సైన్యంలోనో దర్బారులోనో ఏదో ఒక ఉద్యోగం ఇచ్చేవారు. పేరుకు కెప్టెను, కర్నలు. చేతిలో ఉండేది తుపాకీ కాదు, బ్యాటు. కనకయ్య నాయుడు గారిని 1923లో హోల్కార్ మహారాజు ఇండోరుకు పిలిపించి సైన్యంలో హోదా ఇచ్చారు. అందుకే ఆయన కడదాకా ‘కర్నల్ నాయుడు’ అయ్యారు.

ప్రభువు మెచ్చితే మేడ, మెచ్చకపోతే గోడ. పూర్వం మన కవులు ఒక ఆస్థానం నుంచి ఇంకో ఆస్థానానికి పద్యాల మూట కట్టుకుని పోయినట్లే, ఈ ఆటగాళ్ళు బ్యాట్ల సంచి కట్టుకుని పోయేవారు. శ్రీనాథుడు తిరిగిన రాజాస్థానాల లెక్క మేము క్లాసులో పిల్లల చేత వల్లె వేయిస్తాము. సుబ్బన్న నాయుడు గారిని క్రికెట్టు శ్రీనాథుడు అంటే తప్పులేదు. కనకాభిషేకం ఒక్కటే తక్కువ.

1934 జనవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో జార్డిను నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు మీద ఆయన తొలి టెస్టు ఆడారు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. మన కెప్టెను స్వయానా అన్నగారే. ఆ తరువాత 1936లోనూ 1946లోనూ ఇంగ్లండు యాత్రలు, 1947-48లో ఆస్ట్రేలియా యాత్ర చేశారు. చివరి టెస్టు 1952 జనవరిలో.

పద్ధెనిమిదేళ్ళ నిడివిలో ఆడిన టెస్టులు 11. అందులో పదేళ్ళు యుద్ధం మింగేసింది. 1936 తరువాత భారతదేశం మళ్ళీ టెస్టు ఆడింది 1946లోనే. ఒక బౌలరు బతుకులో 22వ ఏటి నుంచి 32వ ఏటి దాకా అంటే పంటకు వచ్చిన పొలం లాంటి కాలం. ఆ పంట ఇంటికి రాలేదు.

ఇక టెస్టుల్లో ఆయన తీసిన వికెట్లు ఎన్నో చెబితే మీరు నొచ్చుకుంటారు. రెండు. పదకొండు టెస్టుల్లో రెండే వికెట్లు! ఒక్కొక్క వికెట్టుకు 179 పరుగులకు పైగా ఖర్చు. మరి మొత్తం ఫస్ట్ క్లాస్ ఆటల్లో? 174 ఆటలు, 647 వికెట్లు, వికెట్టుకు 26 పరుగుల చిల్లర. బ్యాటుతో మరో 5,786 పరుగులు.

ఈ రెండు లెక్కలూ ఒకే మనిషివి అంటే నమ్మబుద్ధి కాదు. కానీ మన చుట్టూ ఇట్లాంటివాళ్ళు లేరా? ఇంటర్వ్యూ గదిలో నోరు పెగలని పిల్లవాడు బయట పది మందికి పాఠం చెప్పగలడు. నాలుగు గోడల మధ్య గంట కొట్టేలోపల తేల్చే పరీక్షలో కొందరికి చెయ్యి ఆడదు. తీరుబడిగా, రోజంతా, ఏడాదంతా నిలబడి చెయ్యమంటే వాళ్ళంత పనివాళ్ళు ఉండరు. అయినా లోకం రాసుకునేది పరీక్ష మార్కులే.

ఆ 917 బంతుల కథ

1942-43లో ఆయన బరోడా కొలువులో ఉన్నారు. ఆ ఏడు బరోడా జట్టు హైదరాబాదును ఓడించి రంజీ ట్రోఫీ గెలిచింది. ఒకే రంజీ సీజనులో 40 వికెట్లు తీసిన మొట్టమొదటి బౌలరుగా సుబ్బన్న నాయుడు గారు ఆ ఏడే పేరు తెచ్చుకున్నారు. అంత చేసినా అక్కడ నిలవలేదు. 1944-45 నాటికి హోల్కార్ జట్టులోకి, అన్నగారి పక్కకు వచ్చారు.

ఇక ఆ ఫైనలు. ఎదుట బొంబాయి. అప్పటి బొంబాయి జట్టు మీద ఆడటమంటే కొండను ఢీకొనడమే. మొదటి ఇన్నింగ్సులో బొంబాయి 462 చేసింది. నాయుడు గారు 153 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. హోల్కార్ 360కి ఆగిపోయింది. రెండో ఇన్నింగ్సులో బొంబాయి 764 చేసింది! విజయ్ మర్చంట్ ఒక్కడే 278. ఎండ, ఉక్క, కాళ్ళ కింద గట్టి నేల. అన్నగారు బంతి ఇస్తూనే ఉన్నారు, తమ్ముడు వేస్తూనే ఉన్నాడు. 88 ఓవర్లు, 275 పరుగులు, 5 వికెట్లు.

ఇదొకసారి ఊహించుకోండి. మర్చంట్ లాంటివాడు బంతిని నిదానంగా, లెక్కప్రకారం, ఒక గుమాస్తా ఫైళ్ళు పరిష్కరించినట్టు పరిష్కరిస్తుంటాడు. మీరు తిప్పిన బంతి ఆయన బ్యాటు మధ్యలో తగులుతుంది. మళ్ళీ వెనక్కి నడవాలి, మళ్ళీ రావాలి. వేళ్ళు కాయలు కాసి నొప్పెడుతుంటాయి. ఈ బంతికి కాకపోతే వచ్చే బంతికి పడతాడనే ఆశ ఉంటే తప్ప ఎవడూ ఎనభై ఎనిమిది ఓవర్లు వెయ్యలేడు.

గెలవడానికి హోల్కారుకు 867 పరుగులు కావాలి. అంత లక్ష్యమెదుట పెట్టుకునీ వాళ్ళు 492 దాకా వచ్చారు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్సుల్లోనూ సెంచరీలు చేశాడు. యుద్ధం పని మీద ఇండోరు దగ్గర మహూలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కార్ తరఫున ఆడి 249 పరుగులు చేసి నాటౌటుగా మిగిలాడు. వంద దాటాక ప్రతి పరుగుకూ ఇంత డబ్బిస్తానని ఒక షావుకారు కాంప్టనుకు మాట ఇచ్చాడనీ, తీరా చూస్తే అర్జంటు పని మీద ఊరు వదిలిపోయాడనీ ఒక కథ చెప్పుకుంటారు. బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచింది.

ఆ ఆట ముగిసిన తరువాత జనం నోళ్ళలో నానింది ఎవరి పేర్లు? మర్చంటు, కాంప్టను, ముస్తాక్ అలీ. 917 బంతులు వేసినవాడు ఆ పేర్లన్నిటికీ కింద గుడి మెట్టులా ఉండిపోయాడు.

మరుసటి ఏడు ఇంగ్లండులో ఇంకో ముచ్చట జరిగింది. 1946 మే నెలలో ఓవల్ మైదానంలో సర్రే జట్టు మీద ఆట. ఆ ఆటలో నాయుడు గారు వరసగా మూడు బంతుల్లో ముగ్గుర్ని పడగొట్టి హ్యాట్రిక్ సాధించారు. బౌలరుకు బతుకులో ఒకసారి దొరికితే గొప్ప. కానీ ఏం లాభం? అదే ఆటలో మన ఆఖరి జోడీ సర్వటే, శూతె బెనర్జీ చెరొక సెంచరీ చేసి పదో వికెట్టుకు 249 పరుగులు కలిపి లోకాన్ని నోరు తెరిపించారు. ఇవాళ ఆ ఆటను తలుచుకునేవాళ్ళు ఆ జోడీనే తలుచుకుంటారు. పాపం, హ్యాట్రిక్కు కూడా ఇంకొకరి పెళ్ళినాడే వచ్చింది.

రాజులు పోయాక

స్వరాజ్యం వచ్చింది. సంస్థానాలు దేశంలో కలిసిపోయాయి. దేశానికి అది పండుగే. ఆస్థాన క్రికెటరుకు మాత్రం ఉద్యోగం గాలిలో దీపమైంది. 1945-46 నుంచి 1952-53 లోపల నాలుగు సార్లు రంజీ గెలిచిన హోల్కార్ జట్టే 1954-55 తరువాత కనిపించకుండా పోయింది. వాళ్ళ చివరి ఫైనలులో ఇండోరుకే వచ్చి వాళ్ళను ఓడించినవాళ్ళు మన పొరుగున ఉన్న మద్రాసువాళ్ళు. మద్రాసుకు అదే మొదటి రంజీ విజయం.

నలభైకి దగ్గరవుతున్న వయసులో సుబ్బన్న నాయుడు గారు మళ్ళీ పెట్టె సర్దారు. బెంగాలుకు ఆడారు. ఇంతలో 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. ఆ ఏడే ఆంధ్ర పేరున ఒక రంజీ జట్టూ పుట్టింది. దాన్ని ముందు నడపడానికి పెద్దన్న కనకయ్య నాయుడు గారు, 58 ఏళ్ళ వయసులో, వచ్చారు. సుబ్బన్న నాయుడు గారూ ఆ తొలి సంవత్సరాలలో ఆంధ్ర చొక్కా తొడిగారు. నాగపూరులో పుట్టి, ఇండోరులో ఎదిగి, బరోడాలో పేరు తెచ్చుకుని, కలకత్తా చూసి, చివరికి తాతల భాష పేరుగల జట్టుకు వచ్చారన్నమాట. అది సొంతిల్లు అనుకున్నారో, దారిలో ఇంకొక సత్రం అనుకున్నారో మరి. అక్కడి నుంచి ఉత్తరప్రదేశుకు, మధ్యప్రదేశుకు ప్రయాణం సాగింది. సుమారు ముప్పై ఏళ్ళ ఆట.

ఇక్కడ చిత్తూరువాడిగా నాకొక తమాషా తోస్తుంది. ఆటగాళ్ళు జట్లు మారడం వింతా? మా జిల్లాయే ఎన్ని జట్లు మారింది! 1911లో పుట్టింది మద్రాసు రాజధానిలో. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1960లో తిరుత్తణి అవతలి జట్టుకు పోయింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఉన్నచోటనే ఉండి ఇన్ని చొక్కాలు మార్చినవాళ్ళం మేము. ఊరూరా తిరిగినవాణ్ణి చూసి నవ్వడానికి మాకు హక్కు లేదు.

‘అన్నం పెడతాదా సార్?’

పోయిన సంవత్సరం వేసవిలో చిత్తూరు నుంచి ఒక తండ్రీ కొడుకూ తిరుపతిలో మా ఇంటికి వచ్చారు. తండ్రి చిన్న ఉద్యోగి. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం, లెగ్ స్పిన్ వేస్తాడు. అంతర్ కళాశాలల పోటీల్లో వాడి బంతి తిరగడం నేను చూశాను. జిల్లా జట్టులో ఒక ఏడు ఉన్నాడు, ఒక ఏడు లేడు. ఇంకో ఊరి అకాడమీకి పోతానని పట్టుబట్టాడట.

‘‘వీడు సచిన్ అవుతాడని నాకు భ్రమ లేదు సార్. అయినోళ్ళు ఎంతమంది? కాకపోతే ఏమవుతాడు? అది చెప్పండి. అన్నం పెడతాదా ఈ ఆట?’’ అన్నాడు ఆ తండ్రి.

నేను సుబ్బన్న నాయుడు గారి కథ చెప్పాను. అంతా విని ఆయన, ‘‘అంత తిరిగి ఏం మిగిలించుకున్నాడు సార్?’’ అన్నాడు. పిల్లవాడు మాత్రం, ‘‘అన్ని బంతులేస్తే వేళ్ళు చీరుకుపోలేదా సార్?’’ అని అడిగాడు.

ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఉంది ఆటగాడి బతుకంతా. తండ్రి అడిగినది బువ్వ లెక్క, కొడుకు అడిగినది పని లెక్క. తండ్రి తప్పు మాట అడగలేదు. వారాలూ వడ్డీలూ తెలిసినవాడు అట్లాగే అడగాలి. అందుకని ఆయనకు జవాబు కూడా బువ్వ లెక్కలోనే చెప్పాలి.

పాతకాలం కన్నా ఇవాళ దారి మెరుగు. రాష్ట్ర జట్టులో నిలదొక్కుకున్నవాడికి ఆట ఆడిన రోజుకు ఇంత అని ఫీజు ముడుతుంది. రైల్వేల్లో, ఇతర సర్కారు కార్యాలయాల్లో ఆటగాళ్ళ కోటా కింద ఉద్యోగాలున్నాయి. శిక్షకులుగా, అంపైర్లుగా, వ్యాయామోపాధ్యాయులుగా బతికేవాళ్ళున్నారు. కానీ రాష్ట్ర జట్టు దాకా చేరేవాళ్ళు పిడికెడు మంది. చేరనివాళ్ళ ఇరవై ఐదో ఏడు చాలా కఠినంగా ఉంటుంది. కనుక డిగ్రీ వదలకుండా ఆడమన్నాను. తండ్రి తల ఊపాడు. కొడుకు కాళ్ళకు దండం పెట్టి, వెళుతూ వెళుతూ మా గేటు దగ్గర ఖాళీ చేత్తో ఒక గూగ్లీ వేసి పోయాడు.

జట్లు మారినవాళ్ళకూ రోజులు వస్తాయనడానికి మన కాలంలో అంబటి రాయుడే సాక్ష్యం. గుంటూరులో పుట్టి, 2002లో పదిహేడేళ్ళ వయసులో హైదరాబాదు తరఫున ఆంధ్ర మీదనే ఒక ఇన్నింగ్సులో 210, ఇంకో ఇన్నింగ్సులో 159 నాటౌట్ కొట్టాడు. మూడేళ్ళకు ఆ ఆంధ్ర జట్టులోకే వచ్చాడు. 2007లో బోర్డు గుర్తింపు లేని లీగులో చేరి వెలిపడ్డాడు. 2009లో క్షమాభిక్ష దొరికాక బరోడా, తరువాత విదర్భ. 2013లో గాని దేశం తరఫున వన్ డే ఆట దక్కలేదు. 55 వన్ డేల్లో సగటు 47 పరుగులు. టెస్టు ఒక్కటీ లేదు. 2019 ప్రపంచ కప్పు జట్టులో చోటు దొరకక అలిగి ఆట మానేశాడు, మళ్ళీ వచ్చాడు. ముంబయితో మూడు, చెన్నైతో మూడు, మొత్తం ఆరు ఐ.పి.ఎల్. కప్పులు గెలిచిన జట్లలో ఉన్నాడు. దేశం తిరిగినవాడి చేతికి లక్ష్మి కూడా చిక్కిన కాలం ఇది.

సుబ్బన్న నాయుడు గారికి ఆ కాలం అందలేదు. మాజీ టెస్టు ఆటగాళ్ళకు నెలనెలా పింఛను ఇచ్చే పథకం క్రికెట్టు బోర్డు పెట్టింది 2004లో. ఆయన 2002 నవంబరు 22న, 88వ ఏట, ఇండోరులో కన్నుమూశారు.

లెక్కలో రాని పని

రికార్డు పుస్తకం తెరిస్తే పరుగులు కనిపిస్తాయి. ఆ పరుగులు ఎవరో ఒకరు బంతి వేస్తేనే కదా వచ్చాయి! మర్చంటు గారి 278 వెనక, బొంబాయి 764 వెనక, ఒక చెయ్యి అలసిపోకుండా తిరుగుతూ ఉన్నది. ఎదుటివాడు సులువుగా ఇచ్చేస్తే ఆ 278కి విలువ ఉండేది కాదు. తన బంతిని నమ్మి, ప్రతి బంతికీ వికెట్టు పడుతుందని ఆశపెట్టుకున్నవాడు ఎదురు నిలబడ్డాడు గనుకనే అది గొప్ప ఇన్నింగ్సు అయింది.

మన ఊళ్ళల్లో, ఆఫీసుల్లో, బళ్ళల్లో ఇట్లాంటివాళ్ళే ఎక్కువ. ముప్పై ఏళ్ళలో ఏడెనిమిది ఊళ్ళకు బదిలీ అయి, ప్రతి ఊళ్ళోనూ కొత్తగా పేరు చెప్పుకుని, ప్రతి బడిలోనూ అ ఆలు మొదటినుంచీ దిద్దించి, చివరికి ఒక పూలదండతో ఇంటికి పంపబడ్డ అయ్యవార్లు మీకు తెలియరా? వాళ్ళ దగ్గర చదివి కలెక్టర్లయినవాళ్ళ ఫోటోలు పత్రికల్లో పడతాయి. పడాల్సిందే. ఆ ఫోటో చూసినప్పుడు, ఎవరి చేతి కింద ఆ చదువు సాగిందో అని ఒక్క క్షణం అనుకుంటే చాలు.

ఆంధ్ర జట్టు రంజీ ఆడుతున్నప్పుడు వీలైతే ఒక రోజు చూడండి. ఖాళీ గ్యాలరీల ముందు, చప్పట్లు లేకుండా, ఎండలో, పేరు తెలియని ఒక కుర్రవాడు నలభయ్యో ఓవరు వేస్తుంటాడు. వికెట్టు పడి చాలాసేపయి ఉంటుంది. చొక్కా చేతితో నుదురు తుడుచుకుని, బంతిని తొడకేసి రుద్దుకుని, వాడు మళ్ళీ వెనక్కి నడుస్తాడు.